టొర్రెస్ విమానం ఎందుకు ఆగింది: ఎయిర్ వనువాటు కేస్ స్టడీ

2024 మే రెండో వారంలో దక్షిణ పసిఫిక్‌లోని వనువాటు దేశపు ప్రభుత్వ విమానయాన సంస్థ ఎయిర్ వనువాటు విమానాలన్నీ ఆపేసి లిక్విడేషన్‌లోకి (అప్పుల లెక్క తేల్చడానికి సంస్థ పగ్గాలు బయటివాళ్లకు అప్పగించే ప్రక్రియలోకి) వెళ్లింది. చిక్కుకుపోయిన పర్యాటకుల కథలు పత్రికలన్నిటిలో వచ్చాయి. వాళ్లకు కొద్ది రోజుల్లోనే ఇతర దేశాల విమానయాన సంస్థలు దారి చూపించాయి. దేశపు ఉత్తర కొసనున్న టొర్రెస్ దీవుల్లోనో, దక్షిణాన ఉన్న ఫుటునాలోనో విమానం కోసం ఎదురుచూస్తున్న వాళ్ల సంగతి ఎవరూ పెద్దగా రాయలేదు. వాళ్లను ఎక్కించుకోవడానికి వేరే దేశపు విమానం రాదు. వచ్చినా అక్కడ దిగడం కుదరదు.

విమానయాన సంస్థలకు రూట్ల లెక్కలు వేయడం నా వృత్తి. కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్లకు నేను ముందుగా ఇచ్చే కేసు ఇదే. వనువాటు రాజధాని పోర్ట్ విలాలో నేను ఉద్యోగం చేయలేదు. బయటికి వచ్చిన సమాచారాన్ని, ఈ తరహా విమానాల ఖర్చుల గురించి నాకు తెలిసినదాన్ని కలిపి రాస్తున్నాను. ఇలాంటి సంస్థ కూలినప్పుడల్లా వినిపించే వివరణ ఒకటుంది: మారుమూల దీవులకు నష్టానికి విమానాలు నడిపారు, అందుకే మునిగారు. ఈ కేసులో ఆ వివరణను నేను నమ్మను. నా లెక్కలో మునిగింది విదేశాలకు తిరిగే జెట్ వ్యాపారం. దీవుల విమానాలు దాని మొలతాడుకు కట్టి ఉన్నాయి కాబట్టి అవీ మునిగాయి.

ముందు ఆ దేశం

2025లో లలిత్ మోదీ పాస్‌పోర్టు వ్యవహారంతో మన పత్రికలకెక్కిన దేశమే ఇది. దాదాపు 80 దీవులు, వాటిలో 65 దాకా జనం ఉన్నవి. జనాభా సుమారు 3 లక్షలు. ఉత్తరం నుంచి దక్షిణానికి దాదాపు 1,300 కిలోమీటర్ల పొడవునా దీవులు చెదిరి ఉంటాయి. బ్రిటన్, ఫ్రాన్స్ ఉమ్మడి పాలన నుంచి 1980 జులై 30న స్వతంత్రమైంది. పెద్ద ఆసుపత్రులు రెండే చోట్ల ఉన్నాయి: ఎఫాటే దీవిలోని రాజధాని పోర్ట్ విలాలో, శాంటో దీవిలోని లుగన్‌విల్‌లో. దీవుల మధ్య సరుకు పడవలు తిరుగుతాయి కానీ వాటికి వేళాపాళా తక్కువ. సముద్రం బాగోలేకపోతే అదీ ఉండదు.

పెద్ద విమానాలు దిగే రన్‌వేలను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. పోర్ట్ విలాలోని బాయర్‌ఫీల్డ్, లుగన్‌విల్‌లోని పెకోవా, టన్నా దీవిలోని వైట్‌గ్రాస్ ముఖ్యమైనవి. మిగతా దీవుల్లో ఉన్నవి ఎక్కువగా గడ్డి మైదానాలు, పగడపు రాతి పొడి పరిచిన నేలలు. ఉత్తరాన సోలా, మోటా లావా, గావా. మధ్యలో లాంగానా, క్రెయిగ్ కోవ్, లామాప్. దక్షిణాన డిల్లన్స్ బే, ఇపోటా, అనీటియుమ్. వీటిలో చాలావాటికి దీపాలు ఉండవు. కంచె ఉంటే ఉంటుంది, లేకపోతే ఆవులు ఉంటాయి. ఆ నేల కూడా ప్రభుత్వానిది కాదు. రాజ్యాంగం ప్రకారం దేశంలోని భూమి సంప్రదాయ హక్కుదారులదే. కౌలు విషయంలో పేచీ వస్తే స్ట్రిప్ (ఇలాంటి చిన్న రన్‌వే) మూతపడుతుంది. దానికి ఏ లెక్కల పట్టికలోనూ గడి ఉండదు.

ఇక్కడ పనికొచ్చే విమానం ట్విన్ ఆటర్. కెనడాలో 1960ల్లో రూపుదిద్దుకున్న, ముడుచుకోని చక్రాల, రెండు ఇంజన్ల చిన్న విమానం. 19 సీట్లు. పొట్టి గడ్డి నేల మీద దిగి మళ్లీ లేవగలదు. చూడటానికి ముచ్చటగా ఉండదు. దానికి బదులు చెప్పమంటే మాత్రం ఇప్పటికీ ఈ వృత్తిలో ఎవరి దగ్గరా సరైన జవాబు లేదు.

19 సీట్లలో 14

ఈ కేసులో నేను ఎక్కువ సేపు ఆగేది ఇక్కడే. ఒక ప్రయాణపు లోడ్ షీట్ (విమానం మోసే బరువుల లెక్క) చేత్తో వేసి చూస్తే సగం సంగతి బోధపడుతుంది.

లుగన్‌విల్ నుంచి టొర్రెస్ దీవుల స్ట్రిప్‌కు సుమారు 250 కిలోమీటర్లు. వెళ్లడానికి గంట, రావడానికి గంట అనుకుందాం. పాత ట్విన్ ఆటర్ గరిష్ఠంగా 5,670 కిలోల బరువుతో గాల్లోకి లేవవచ్చు. ఖాళీ విమానం, ఇద్దరు పైలట్లు, ఇతర సామగ్రి కలిపి ఉజ్జాయింపుగా 3,550 కిలోలు తీసేయండి. 2,120 కిలోలు మిగిలాయి. ఇంధనం నింపే సదుపాయం ప్రధాన కేంద్రాల్లోనే ఉంటుంది కాబట్టి తిరుగు ప్రయాణానికి కావలసింది కూడా వెళ్లేటప్పుడే మోసుకెళ్లాలి. గంటకు 270 కిలోల చొప్పున రెండు గంటలకు, ఆపైన తప్పనిసరిగా ఉంచాల్సిన నిల్వకు కలిపి 750 కిలోలు. ఇక మిగిలింది 1,370 కిలోలు. మనిషికీ సామానుకీ కలిపి 95 కిలోలు వేసుకుంటే 14 మంది. 19 సీట్ల విమానంలో అయిదు సీట్లు ఖాళీ. ఆ ఖాళీకి కారణం టికెట్లు అమ్ముడుపోకపోవడం కాదు, బరువు.

అందుకే ఇలాంటి చోట్ల చెకిన్‌లో సంచిని తూచినట్టే మనిషినీ తూస్తారు. పెండలం దుంపల బుట్టతో ఒకరు వస్తే, వెనకాల నిలబడ్డవాళ్లలో ఒకరి సామాను రేపటికి ఆగవచ్చు. వాన పడి గడ్డి తడిసి ఉంటే లేవడానికి ఎక్కువ దూరం కావాలి, అప్పుడు బరువు ఇంకా తగ్గించాలి. రోగిని స్ట్రెచర్ మీద పడుకోబెట్టి తీసుకురావాల్సి వస్తే సీట్లు తీసేయాలి. అంటే ఆ ట్రిప్పు రాబడి మరింత పోయినట్టే. సీట్ల నిండుదల శాతం చూసి రూటు మంచిచెడ్డలు తేల్చే అలవాటున్న మేనేజర్లు ఇక్కడ బోల్తా పడతారు. వాళ్ల నివేదికలో 14/19 అంటే 74 శాతం, ఇంకా అమ్ముకోవచ్చు అని ఉంటుంది. నిజానికి ఆ విమానం నిండుకుండ.

ఇంజన్ల లెక్క మరో రకం. టర్బైన్ ఇంజన్‌లో కొన్ని భాగాల ఆయుష్షును గంటలతో కాక, ఎన్నిసార్లు స్టార్ట్ చేసి ఎగిరి దిగారన్న దానితో కొలుస్తారు. ఆంబ్రిమ్ అనే ఒక్క దీవిలోనే క్రెయిగ్ కోవ్, ఉలేయి అని రెండు స్ట్రిప్‌లు ఉన్నాయి. వాటి మధ్య కొద్ది నిమిషాల ప్రయాణం కూడా ఇంజన్ చిట్టాలో, చక్రాల గేర్ చిట్టాలో ఒక ల్యాండింగే. నాలుగు గంటలు ఎగిరిన జెట్‌కు పడేదీ ఒకటే. దానికి తోడు ఉప్పు గాలి. సముద్రం మీద తక్కువ ఎత్తులో తిరిగే ఇంజన్ కంప్రెసర్‌ను నీళ్లతో కడుగుతూ ఉండాలి, కడగకపోతే తుప్పు లోపలికి పోతుంది. పగడపు రాళ్లు ఎగిరి ప్రొపెల్లర్ అంచులకు గాట్లు పెడతాయి. మెకానిక్ ఆ గాట్లను ఆకురాయితో నున్నగా అరగదీస్తాడు. అలా ఎన్నిసార్లు అరగదీయవచ్చో దానికీ ఓ హద్దు ఉంది.

ఇక పగలు. స్ట్రిప్‌లకు దీపాలు లేవంటే రోజు సూర్యాస్తమయంతో ముగుస్తుంది. పొద్దున మొదటి విమానం వాన వల్ల గంటన్నర ఆలస్యమైతే, సాయంత్రం చివరి దీవికి విమానం వెళ్లదు. జెట్ నడిపే సంస్థలో ఆలస్యం ఆలస్యంగానే మిగులుతుంది. ఇక్కడ అది రద్దు అవుతుంది. ఆ చివరి దీవికి మళ్లీ విమానం వారం తర్వాత కావచ్చు.

ఇదంతా కలిపితే టికెట్ ధరతో ఆ రూటు ఖర్చు రాదు. కొబ్బరి కురిడీ, మత్తు పానీయానికి వాడే కావా వేరు అమ్ముకుని బతికే కుటుంబం దగ్గర అంత డబ్బు ఉండదు. ఎవరో ఒకరు తేడా భరించాలి. కేసు అసలు ప్రశ్న అక్కడ మొదలవుతుంది: ఎవరు, ఏ ఖాతాలోంచి?

ఒకే సంచీ

1981లో ఆస్ట్రేలియాకు చెందిన ఆన్సెట్ సంస్థ భాగస్వామ్యంతో ఎయిర్ వనువాటు పుట్టింది, అంతర్జాతీయ ప్రయాణాల కోసం. దీవుల మధ్య విమానాలు వేరే సంస్థవి. ఎయిర్ మెలనేసియా పేరుతో ఉన్న ఆ సంస్థ తర్వాత వానైర్ అయింది. 2001లో రెండిటినీ కలిపారు, కొన్ని నెలలకే విడదీశారు, 2004లో మళ్లీ కలిపారు. ఆ తర్వాత కలిసే ఉన్నాయి.

కలపడానికి కారణాలు లేకపోలేదు. ఒకే హ్యాంగరు, ఒకే టికెట్ వ్యవస్థ, ఉన్న కొద్దిమంది ఇంజనీర్లు ఒకే చోట. సిడ్నీ నుంచి వచ్చిన పర్యాటకుణ్ణి అదే టికెట్ మీద టన్నాలో యాసుర్ అగ్నిపర్వతం చూడటానికి పంపవచ్చు. అన్నిటికీ మించి జెట్ సంపాదించిన దానితో దీవుల నష్టం పూడ్చుకోవచ్చన్న ఆశ. నష్టాల రూట్ల విషయంలో చాలా దేశాలు చేసే పనే ఇది. వానైర్ విడిగా ఉన్న కాలంలో వర్ధిల్లిందనీ ఎవరూ అనరు.

ఒక చేతి లాభంతో మరో చేతి నష్టం పూడ్చడానికి ఒక షరతు ఉంది. రెండు చేతులకూ ఒకే రోజు దెబ్బ తగలకూడదు. ఆ షరతు వనువాటులో ఎన్నడూ నెరవేరలేదు. 2015 మార్చిలో పామ్ తుపాను వచ్చింది. అత్యంత తీవ్రమైన అయిదో కేటగిరీ. పర్యాటకులు రావడం మానేశారు, అంటే జెట్ రాబడి పడిపోయింది. దీవుల్లో మందులు, మనుషులు, సామగ్రి మోయాల్సిన అవసరం అప్పుడే పెరిగింది. 2016 జనవరిలో బాయర్‌ఫీల్డ్ రన్‌వే పాడైందని విదేశీ సంస్థలు సర్వీసులు ఆపాయి. ప్రపంచ బ్యాంకు డబ్బుతో అత్యవసరంగా మరమ్మతు చేయాల్సి వచ్చింది. 2020 మార్చిలో కరోనాతో సరిహద్దులు మూశారు. మరుసటి నెలలోనే హెరాల్డ్ తుపాను శాంటోను, దాని చుట్టుపక్కల దీవులను చావబాదింది. సరిహద్దులు మళ్లీ తెరిచింది 2022 జులై 1న. రెండేళ్లకు పైగా పర్యాటకుల జెట్‌కు పని లేదు. 2023 మార్చిలో జూడీ, కెవిన్ అని రెండు తుపానులు రోజుల తేడాలో మీద పడ్డాయి.

ప్రతిసారీ అదే వరస. దీవులకు విమానం ఎక్కువగా కావలసిన వారమే జెట్ గల్లాపెట్టె ఖాళీ అవుతుంది. పుస్తకాల్లో సర్దుబాటుగా కనిపించేది కష్టకాలంలో సర్దుబాటు కాదు.

మధ్యలో 2019లో నాలుగు ఎయిర్‌బస్ ఏ220 జెట్ విమానాలకు ఆర్డరు పెట్టారు. 3 లక్షల జనాభా ఉన్న దేశానికి! పర్యాటకం బాగా పెరుగుతుందన్న ప్రణాళిక దాని వెనక ఉంది. ఆ విమానాలు రాలేదు. ఆర్డరును నేను ఎగతాళి చేయను. చిన్న దేశాల రాజకీయాల్లో తోకమీద జెండా ఉన్న కొత్త జెట్‌కు ఓట్ల విలువ ఉంది, ట్విన్ ఆటర్‌కు అదనపు ఇంజన్ కొనడానికి లేదు. అయితే రూట్ల లెక్కలు వేసేవాడిగా ఒకటి అడుగుతాను: ఆ ఆర్డరు మీద జరిగిన సమావేశాలతో పోలిస్తే, దీవుల విమానాల గురించి ఎన్ని సమావేశాలు జరిగాయి?

ఒక్క జెట్ ఉన్న సంస్థ

కూలిపోయే నాటికి సంస్థ దగ్గర ఒక బోయింగ్ 737, ప్రొపెల్లర్లతో నడిచే మధ్య తరహా ఏటీఆర్ 72 ఒకటి, కొన్ని ట్విన్ ఆటర్లు ఉన్నాయి. ఒక రకం జెట్ ఒక్కటే ఉండటం ఎంత ఖరీదో బయటివాళ్లకు అంత సులువుగా తెలియదు. పైలట్ల శిక్షణ, సిమ్యులేటర్ విదేశాల్లో. పెద్ద తనిఖీలు విదేశాల్లో. పది జెట్లు ఉన్న సంస్థకు ఒకటి షెడ్డులో ఉంటే పదిశాతం సామర్థ్యం తగ్గుతుంది. ఒకటే ఉన్న సంస్థకు మరమ్మతు అంటే దుకాణం మూసినట్టే. అప్పుడు విమానాన్ని సిబ్బందితో సహా అద్దెకు తెచ్చుకోవాలి, అదీ అవసరంలో ఉన్నవాడికి చెప్పే ధరకు. లేదా ప్రయాణికులకు హోటల్ గదులు, వాపసులు. రెండిట్లో ఏది చేసినా నగదు బయటికే పోతుంది.

మధ్య తరహా విమానానికీ ఇదే ముప్పు. 2018 జులైలో టన్నా నుంచి వస్తున్న ఏటీఆర్‌లో పొగ కమ్మింది. బాయర్‌ఫీల్డ్‌లో దిగాక అది రన్‌వే దాటి పక్కకు పోయి, నిలిపి ఉంచిన రెండు చిన్న విమానాలను గుద్దింది. ప్రాణనష్టం జరగలేదు. ఇంత చిన్న దేశంలో ఒక్క మధ్యాహ్నంతో మూడు విమానాలు దెబ్బతినడమంటే ఏమిటో ఊహించండి.

2024లో ఆ ఒక్క జెట్ మరమ్మతులో ఇరుక్కుంది. రద్దుల మీద రద్దులు. మే నెలలో అకౌంటింగ్ సంస్థ ఎర్నెస్ట్ అండ్ యంగ్‌కు చెందిన లిక్విడేటర్ల చేతికి సంస్థ వెళ్లింది. అది పెంటెకోస్ట్ దీవిలో నేల మీదికి తీగలతో దూకే పండుగ కాలం. ఏప్రిల్ నుంచి జూన్ దాకా శనివారాల్లో అది చూడటానికి లోనోరోరే స్ట్రిప్‌కు పర్యాటకులు వచ్చే సమయం.

ఇక్కడ నా విద్యార్థులు ప్రతిసారీ ఒకే ప్రశ్న వేస్తారు. పాడైంది జెట్ కదా, ట్విన్ ఆటర్లు ఎందుకు ఆగాయి? రెక్కలు విరగలేదు కదా. జవాబు హ్యాంగరులో దొరకదు, కాగితాల్లో ఉంది. విమానాల బీమా ఎయిర్ వనువాటు సంస్థ పేరు మీద. ఇంధనం సరఫరా చేసేవాడి అప్పు ఖాతా సంస్థ పేరు మీద. విమానాలు నడిపే అనుమతి పత్రం సంస్థ పేరు మీద, దానికి బాధ్యులుగా నియంత్రణ సంస్థకు పేర్లు ఇచ్చిన అధికారులు ఆ సంస్థ ఉద్యోగులు. లిక్విడేషన్ మొదలైన క్షణం ఇవన్నీ ప్రశ్నార్థకమవుతాయి. పగ్గాలు చేపట్టినవాళ్లు భద్రత తనిఖీలు చేయించకుండా ఒక్క విమానాన్నీ లేవనివ్వరు, లేవనివ్వకూడదు కూడా. అలా సిడ్నీ ప్రయాణికుడికి బాకీ పడ్డ సంస్థ, టొర్రెస్ దీవిలోని గర్భిణికి విమానం పంపలేకపోయింది.

కొన్ని వారాల తర్వాత సర్వీసులు మళ్లీ మొదలైనప్పుడు ముందు లేచినవి చిన్న విమానాలే. ఈ కేసులో నా వాదనకు ఇంతకన్నా మంచి సాక్ష్యం నా దగ్గర లేదు. జెట్ లేకుండా దీవుల విమానాలు నడవగలవు.

నేనైతే ఏం చేస్తాను

స్కాట్లండ్‌లో బారా అనే దీవి ఉంది. అక్కడ రన్‌వే సముద్రపు ఇసుక, ఆటుపోట్లు చూసి విమానం దిగుతుంది. గ్లాస్గో నుంచి వెళ్లే ఆ ట్విన్ ఆటర్ నడిపేది లోగనైర్ అనే సంస్థ. కానీ విమానం లోగనైర్‌ది కాదు. విమానాశ్రయాలు నిర్వహించే ప్రభుత్వ సంస్థ ఒకటి రెండు కొత్త ట్విన్ ఆటర్లు కొని, టెండరు గెలిచిన ఆపరేటరు చేతికి ఇచ్చింది. నష్టం ఎంతో ఒప్పందంలోనే రాసి ప్రభుత్వం చెల్లిస్తుంది. రేపు ఆపరేటరు చేతులెత్తేసినా విమానాలు అప్పులవాళ్ల పాలు కావు, వాటిని నడపడానికి మరొకరిని పిలవాలి, అంతే.

వనువాటుకు నేను సూచించేది ఈ ఏర్పాటే, మార్పులతో. స్కాట్లండ్‌లో లోగనైర్ కాకపోతే ఇంకొకరు టెండరు వేస్తారు. పోర్ట్ విలాలో ఎవరు వేస్తారు? పోటీ లేని టెండరు పేరుకే టెండరు. రెండు వేర్వేరు సంస్థలు పెడితే రెండు అనుమతి పత్రాలు, రెండు నాణ్యత విభాగాలు, రెండు శిక్షణ విభాగాలు కావాలి. ఉన్న ఇంజనీర్లు ఒక్క సంస్థకే చాలరు. కాబట్టి సంస్థను చీల్చడం మీద నాకు పట్టుదల లేదు. ట్విన్ ఆటర్ల యాజమాన్యం వేరు కావాలి, వాటి ఖాతా వేరు కావాలి, వాటి బీమా వేరు కావాలి. మెకానిక్ జీతం మాత్రం గంటల లెక్కన రెండు ఖాతాలకూ పంచవచ్చు.

మన దగ్గర చిన్న ఊళ్లకు విమానాలు నడిపించే కేంద్ర ప్రభుత్వ ఉడాన్ పథకం చూసినవాళ్లకు సబ్సిడీ ఒప్పందం కొత్త కాదు. 2017 ఏప్రిల్ 27న కడప, హైదరాబాద్ మధ్య తొలి ఉడాన్ సర్వీసుల్లో ఒకటి మొదలైంది. నడిపింది హైదరాబాద్‌కు చెందిన ట్రూజెట్, ఏటీఆర్ విమానాలతో. 2022లో ట్రూజెట్ ఆగిపోయింది. కడపవాళ్లకు అది ఇబ్బందే, కానీ రైలుంది, రాత్రి బస్సుంది. ఉడాన్‌లో సబ్సిడీ మూడేళ్లకు ఇస్తారు, ఆలోపు రూటు తన కాళ్ల మీద నిలబడుతుందన్న నమ్మకంతో. కడప లాంటి ఊరికి ఆ నమ్మకం సబబే. టొర్రెస్ రూటు మూడేళ్లకు కాదు, ముప్ఫై ఏళ్లకైనా లాభాల్లోకి రాదు. దానికి గడువు పెట్టడమంటే మూసివేత తేదీ ముందే రాసుకోవడం.

విమానంతో చేయనక్కర్లేని పనులూ కొన్ని ఉన్నాయి. 2018 డిసెంబరులో ఎర్రోమాంగో దీవిలో డిల్లన్స్ బే నుంచి కుక్స్ బేకు దాదాపు 40 కిలోమీటర్లు డ్రోనుతో టీకాలు పంపారు. యూనిసెఫ్ తోడ్పాటుతో జరిగిన ఆ ప్రయత్నం, వాణిజ్య డ్రోనుతో టీకాలు చేర్చడంలో ప్రపంచంలోనే మొదటిదని యూనిసెఫ్ చెప్పింది. అరకిలో టీకాలకు ట్విన్ ఆటర్ రెండు గంటలు తిరగనవసరం లేకపోతే, ఆ రెండు గంటలు మనుషులకు మిగులుతాయి. ప్రసవానికి వచ్చేవాళ్లకు మాత్రం విమానమే కావాలి.

ఒప్పందం రాసే పని నాకిస్తే చెల్లింపును ప్రయాణికుల సంఖ్యకు ముడిపెట్టను. నిండుదల లెక్క ఇక్కడ ఎంత మోసం చేస్తుందో లోడ్ షీట్ చూపించింది. విమానం ఆ స్ట్రిప్‌లో నిజంగా దిగిన ప్రతిసారికీ ఇంత అని చెల్లిస్తాను. వాన వల్లో, భూమి పేచీ వల్లో స్ట్రిప్ మూసి ఉంటే ఆపరేటరుకు స్థిర ఖర్చు మాత్రం ఇస్తాను, కోత వేయను. కోత వేస్తే పైలట్ తడి గడ్డి మీద దిగడానికి ప్రయత్నిస్తాడు. ప్రతి వారం ఒక సీటును ఆసుపత్రి పేరు మీద ఖాళీగా ఉంచి, దాని ధర ఆరోగ్య శాఖ నుంచి వసూలు చేస్తాను. ఒక ట్విన్ ఆటర్‌ను టైమ్‌టేబుల్లో లేకుండా అదనంగా ఉంచుతాను. ఆడిటర్లు దాన్ని వృథా అంటారని తెలుసు. ఆ వరుసకు ఎదురుగా మార్చి నెల తుపానుల జాబితా జతచేసి సంతకం పెడతాను.